దారి నిలబెట్టిన ఊరు

స్విట్జర్లాండ్ తూర్పు కొసన గ్రౌబ్యూండెన్ అనే కాంటన్ ఉంది. మన లెక్కలో అదొక రాష్ట్రం. అందులో సముద్రమట్టానికి సుమారు 1,370 మీటర్ల ఎత్తున, ఆల్బులా నది ఒడ్డున ఉంది మా ఊరు బెర్గూన్. జనాభా అయిదు వందలకు కాస్త అటూ ఇటూ. పెళ్ళయి వచ్చాను కాబట్టి నాకిది మెట్టినూరు. మా వారి వంశం మూలాలు ఇంకా పైన, కొండ అంచున పిడికెడు ఇళ్ళతో కనిపించే లాచ్‌లో ఉన్నాయి. మా మామగారి తండ్రి పుట్టింది అక్కడే.

ఊరి చరిత్ర అనగానే చాలామంది గుడి దగ్గరో కోట దగ్గరో మొదలుపెడతారు. బెర్గూన్ చరిత్ర మాత్రం దారి దగ్గరే మొదలుపెట్టాలి. ఈ లోయలో పంట తక్కువ, చలికాలం ఎక్కువ. పశువులకు గడ్డి దాచుకోవడానికే వేసవంతా సరిపోతుంది. అలాంటి చోట మందపాటి గోడలతో, చిత్రాలు చెక్కిన ముఖద్వారాలతో ఇంత పెద్ద ఇళ్ళు లేచాయంటే, ఆ డబ్బు పొలంలోంచి వచ్చింది కాదు. దారిమీదుగా వచ్చింది. దారి మారినప్పుడల్లా ఊరి బతుకూ మారింది.

కూర్ నుంచి ఎర్ర రైలు

మా ఊరికి రావాలంటే కాంటన్ ముఖ్యపట్టణం కూర్‌లో పెద్ద రైలు దిగి, రేటియన్ రైల్వే వారి ఎర్ర రైలెక్కాలి. ఇది మీటర్ గేజి లైను. గంటకొక బండి ఉంటుంది, గంటన్నర లోపే బెర్గూన్ చేరుస్తుంది. మొదట రైన్ నది వెంబడి మామూలుగానే సాగుతుంది. తూసిస్ స్టేషను దాటాకే అసలైన కొండ లైను మొదలవుతుంది. తూసిస్ నుంచి సెయింట్ మోరిట్జ్ దాకా సాగే ఈ ఆల్బులా లైనులో, యునెస్కో లెక్క ప్రకారం, 144 వంతెనలు, 42 సొరంగాలు, కప్పుదారులు ఉన్నాయి. విశాఖ నుంచి వచ్చే మా చుట్టాల పిల్లలు అరకు రైల్లో లాగే ఇక్కడా సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు, టీఫెన్‌కాస్టెల్ వచ్చేసరికి లెక్క తప్పుతారు.

ముందు సోలిస్ వంతెన వస్తుంది. కింద నది 89 మీటర్ల లోతున ఉంటుంది. ఆ తర్వాత అందరూ ఫొటోల్లో చూసిన లాండ్‌వాసర్ వంతెన. పైకి వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చున్నవాళ్ళకు ఇది బాగా కనిపిస్తుంది. ఎత్తు 65 మీటర్లు, పొడవు 136 మీటర్లు, ఆరు కమానులు. వంతెన మొత్తం వంపు తిరిగే ఉంటుంది. ఆ వంపు చివర గట్టుండదు. నిట్టనిలువు కొండగోడ, అందులో సొరంగం నోరు. రైలు వంతెన మీంచి నేరుగా కొండలోకి దూరుతుంది. 1901లో మొదలుపెట్టి 1902లో ముగించారు. స్తంభాల చుట్టూ సారువ కట్టలేదు. ప్రతి పెద్ద స్తంభం నడుమ ఒక ఇనుప బురుజు నిలబెట్టి, దాని మీది క్రేనుతో రాళ్ళు పైకి లాగి, ఆ బురుజు చుట్టూనే రాతికట్టడం పేర్చుకుంటూ పోయారు. ఇనుప బురుజులు ఇప్పటికీ ఆ రాతి స్తంభాల కడుపులోనే ఉన్నాయి.

ఫిలిజూర్ దాటాక గ్రైఫెన్‌స్టైన్ కోట శిథిలాల కింద రైలు కొండ లోపలే ఒక చుట్టు తిరిగి పైకి తేలుతుంది. ఇంకాస్త ఎక్కాక లోయ ఒక్కసారి విచ్చుకుంటుంది. పచ్చిక మైదానం, మధ్యలో ఊరు, ఊరి నడుమ మధ్యయుగపు రాతి బురుజు, 12వ శతాబ్దపు చర్చి. అదే బెర్గూన్.

రాయి పగిలిన ఏడాది

రైలు రాకముందు ఈ లోయ గుర్రాలది, గుర్రాల వెంట నడిచే మనుషులది. ఉత్తరాన కూర్‌కీ, దక్షిణాన ఎంగడీన్ లోయకీ మధ్య సరుకు ఆల్బులా కనుమ మీదుగా నడిచేది. కనుమ ఎత్తు 2,300 మీటర్ల పైచిలుకు. ఉప్పు, ధాన్యం, ద్రాక్షసారా గుర్రాల వీపులమీద కదిలేవి. మా ఊరివాళ్ళు సరుకు మోయించారు, బాటసారులకు తిండి, పడక ఇచ్చారు, చలికాలంలో మంచు తొక్కించి బాట తెరిచారు.

ఊరి కింద ఒక ఇరుకు లోయ ఉంది. అక్కడ కొండ నేరుగా నదిలోకి దిగుతుంది. దాని పేరు బెర్గూనర్‌స్టైన్. పూర్వం అక్కడికొచ్చిన గుర్రాలు కొండ పైకెక్కి చుట్టూ తిరిగి దిగవలసిందే. 1696లో ఆ బండను మందుగుండు పెట్టి పేల్చి, కొండ నడుముకు దారి తొలిచారు. ఆల్ప్స్ పర్వతాల్లో దారి కోసం మందుగుండు వాడిన తొలి పనుల్లో ఇదొకటి. ఈ పనిలో ఉన్న పియెత్రో మొరెత్తీనియే తర్వాత 1708లో గొట్టార్డ్ దారిమీద ఉర్నర్‌లొఖ్ సొరంగం తొలిచాడు. ఇప్పటి రోడ్డు మీద కారులో పోయేవారు ఆ మలుపును అర నిమిషంలో దాటేస్తారు. ఒక్కసారి ఆగి పక్కనున్న బండ చూస్తే, ఆ రోజుల్లో చేత్తో రంధ్రం తొలిచి మందు కూరడమంటే ఎంత పనో అర్థమవుతుంది.

1866 నాటికి కనుమ మీదుగా బగ్గీలు పోయే రోడ్డు పూర్తయింది. సెయింట్ మోరిట్జ్‌కు వెళ్ళే సంపన్నులు, టపా సంచులు మా వీధిలోంచే పోయేవి. గుర్రాలు మార్చుకోవడానికి, భోజనానికి, రాత్రి పడకకు బెర్గూన్‌లో ఆగేవారు.

మా వీధిలోని పాత ఇళ్ళు ఆ రాబడికి సాక్ష్యం. ఎంగడీన్ పద్ధతి ఇళ్ళివి. గోడ మందం చెయ్యి చాపినంత. కిటికీలు బయటికి వెడల్పుగా, లోపలికి ఇరుకుగా ఉంటాయి, తక్కువ చలికి ఎక్కువ వెలుగు రావడానికి. ముఖద్వారం కమాను గడ్డిబండి పట్టేటంత పెద్దది. బండి ఇంటి నడవలోంచే సాగి వెనకనున్న గడ్డికొట్టంలోకి పోతుంది. గోడల మీది అలంకారం రంగు పూసింది కాదు, గీరింది. ముందు ఇసుక కలిపిన బూడిదరంగు గచ్చు పూస్తారు. దాని మీద తెల్లసున్నం కొడతారు. తడి ఆరకముందే ఇనుప మొనతో సున్నాన్ని గీరేస్తే కింది బూడిదరంగు బయటపడుతుంది. దీన్ని స్గ్రాఫీతో అంటారు. పువ్వులు, అలలు, చేపలు, ఇల్లు కట్టిన సంవత్సరం అలా గోడకెక్కుతాయి. తడి ఆరిపోతే గీత పడదు కాబట్టి, మేస్త్రీ ఆ రోజుకు ఎంత గోడ గీయగలడో అంతే సున్నం కొట్టిస్తాడు.

మిఠాయి వండడానికి వెళ్ళినవాళ్ళు

దారి మనుషులను తెచ్చినట్టే తీసుకుపోయింది కూడా. గ్రౌబ్యూండెన్ లోయల్లో అన్నదమ్ములందరినీ పోషించేంత నేల లేదు. మగపిల్లలు పన్నెండు, పదమూడేళ్ళకే ఇల్లు వదిలేవారు. చాలామంది వెనిస్‌కు పోయి మిఠాయి దుకాణాల్లో పనిలో చేరారు. 18వ శతాబ్దంలో వెనిస్ మిఠాయి వ్యాపారంలో అధికభాగం ఈ కాంటన్ వాళ్ళ చేతుల్లోనే ఉండేది. 1766లో వెనిస్ ప్రభుత్వం వీళ్ళ హక్కులన్నీ తీసేసి వెళ్ళగొట్టింది. అక్కడినుంచి వాళ్ళు యూరప్ అంతా చెదిరిపోయారు. పీటర్స్‌బర్గ్, బెర్లిన్, కోపెన్‌హాగెన్, ఎక్కడ చూసినా వీళ్ళ కాఫీ హోటళ్ళు, మిఠాయి కొట్లు వెలిశాయి.

మా ఊరి క్లోఎట్టా వంశం కథ అలాంటిదే. ఆ ఇంటి అన్నదమ్ములు ముగ్గురు 1862లో కోపెన్‌హాగెన్‌లో చాక్లెట్ తయారీ మొదలుపెట్టారు. ఈనాడు స్వీడన్‌లో పిల్లలందరికీ తెలిసిన క్లోఎట్టా మిఠాయిల పేరు ఆ ఇంటిపేరే. అదే ఇంటిపేరుతో ఊళ్ళోనే ఉండిపోయిన జాన్ జానెట్ క్లోఎట్టా అనే ఉపాధ్యాయుడు రొమాన్ష్ భాషకు చెందిన ఈ ప్రాంతపు మాండలికంలో రచనలు చేశారు. ఒకే వంశంలో కొందరు దారి పట్టి పోయారు, కొందరు ఉండి ఊరి మాట నిలిపారు.

ఊరు వదిలి పోయినా ఊరి పేరు వదలదు. స్విస్ పాస్‌పోర్టులో పుట్టిన ఊరు ఉండదు. మూలమైన ఊరు ఉంటుంది. జ్యూరిక్‌లో పుట్టి, అక్కడే పెరిగి, ఎన్నడూ ఇటు రానివారి పాస్‌పోర్టులో కూడా తాతముత్తాతల ఊరే అచ్చవుతుంది. తల్లిదండ్రుల్లో ఎవరి ఇంటిపేరు పెట్టుకుంటే వారి మూలం పిల్లలకు అలా దిగుతుంది. 2013కు ముందు పెళ్ళయిన ఆడవాళ్ళకు భర్త మూలం వచ్చేది, ఆ ఏడాది నుంచి ఎవరి మూలం వారికే ఉంటోంది. మనకు ఇది వింతేమీ కాదు. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊళ్ళ పేర్లే కదా! ఆ ఊరు ఎక్కడుందో తెలియకపోయినా పేరు వెంటే నడుస్తుంది.

సొరంగం, ఊట, బురద

గ్రౌబ్యూండెన్‌లో తొలి కొండ రైలు దావోస్‌కు వెళ్ళింది. విల్లెం యాన్ హోల్స్‌బూర్ అనే డచ్చి దేశస్థుడు పూనుకుని వేయించాడు. ఎంగడీన్‌కు రైలు ఏ కనుమ కింద పోవాలన్నది పెద్ద వివాదమే అయింది. దావోస్ నుంచి స్కలెట్టా మీదుగా ఒక ఆలోచన, యూలియర్ మీదుగా ఇంకొకటి. చివరికి ఆల్బులా గెలిచింది. 1897లో కాంటన్ ఓటర్లు రైల్వే చట్టాన్ని ఆమోదించారు. అప్పటికి ఓటు మగవాళ్ళకే ఉండేది. రైలు కాంటన్ సొత్తయింది. 1898లో పని మొదలైంది.

ప్రధాన ఇంజనీరు ఫ్రీడ్రిష్ హెన్నింగ్స్ ముందున్న లెక్క ఇది. బెర్గూన్ నుంచి సొరంగం మొదలయ్యే ప్రేడా దాకా గాలిదారిన అయిదు కిలోమీటర్లే. ఆ అయిదింటిలో ఎక్కవలసింది 416 మీటర్లు. నేరుగా పోతే వెయ్యి మీటర్లకు ఎనభైకి పైగా ఎక్కాలి. పళ్ళచక్రం పట్టా వేస్తే ఎక్కవచ్చు గానీ, అప్పుడు రైలు నత్తనడక నడుస్తుంది. ఆయన వెయ్యికి 35 మీటర్లు మించకూడదని హద్దు పెట్టుకున్నాడు. అంటే దారి పొడవు పెంచాలి. అందుకని పట్టాలను లోయకు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు తిప్పాడు. మూడు చోట్ల కొండ కడుపులో పూర్తి చుట్టు తిప్పాడు. అయిదు కిలోమీటర్ల దూరం పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు పట్టాలయింది. రైల్లో కూర్చున్నవాడికి బెర్గూన్ చర్చి ఒకసారి ఎడమన, ఒకసారి కుడిన, ప్రతిసారీ ఇంకాస్త కిందికి కనిపిస్తుంది. ఊరి మీది మూఓట్ కొండవాలు మీద మంచుచరియలు పట్టాల మీదికి రాకుండా రాతిగోడలు కట్టారు, చెట్లు నాటారు. ఆ గోడలు ఊరికీ కాపలా.

అన్నిటికన్నా కష్టం ఆల్బులా సొరంగం దగ్గర ఎదురైంది. పొడవు 5,865 మీటర్లు. ఎక్కువమంది కూలీలు ఇటలీ వాళ్ళు. ప్రేడా వైపు నుంచి తవ్వుకుపోతుంటే గుల్లబారిన మెత్తరాయి తగిలింది. దాన్లోంచి నీళ్ళు, ఇసుక బురద కలిసి సొరంగంలోకి విరుచుకుపడ్డాయి. పని నెలల తరబడి నిలిచిపోయింది. గుత్తకు తీసుకున్నవాళ్ళు నష్టం భరించలేక వదిలేస్తే, 1901లో రైల్వేయే స్వయంగా పని చేతిలోకి తీసుకుంది. 1902 మే నెలలో రెండు వైపుల తవ్వకాలు కలిశాయి. 1903 జులై 1న రైలు నడిచింది, మరుసటి ఏడాది సెయింట్ మోరిట్జ్ చేరింది. ఆ సొరంగానికి ఈ పక్క కురిసిన వాన రైన్‌లో కలిసి ఉత్తర సముద్రానికి పోతుంది, ఆ పక్క కురిసింది ఇన్, డాన్యూబ్ నదుల వెంట నల్లసముద్రానికి చేరుతుంది.

రైలు వచ్చాక

రైలు వస్తే ఊరు వెలిగిపోతుందని ఎదురుచూశారు. మొదట జరిగింది అందుకు విరుద్ధం. బగ్గీలు ఆగిపోయాయి. గుర్రాలవాళ్ళు, సత్రాలవాళ్ళు, మంచు తొక్కించేవాళ్ళు ఒక్క వేసవిలో పని పోగొట్టుకున్నారు. రాత్రి మా ఊళ్ళో పడుకోవలసిన ప్రయాణికుడు ఇప్పుడు కిటికీలోంచి చూసి ముందుకు పోతున్నాడు.

ఊరు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 1906లో కుర్‌హౌస్ అనే పెద్ద హోటలు తెరిచారు. సెయింట్ మోరిట్జ్ ఎత్తుకు నేరుగా పోకుండా, ఇక్కడ కొన్నాళ్ళుండి ఒంటికి ఎత్తు అలవాటు చేసుకోవచ్చని అతిథులకు చెప్పారు. కొన్నేళ్ళకే మొదటి ప్రపంచయుద్ధం వచ్చి ఆశలు కూలాయి. 20వ శతాబ్దం నడుమ పైకప్పుకు నిప్పంటుకుంది. ఆ తర్వాత అది కుటుంబాలు సెలవులు గడిపే చోటుగా మారి, ఈనాటికీ నడుస్తోంది. పాత దీపాలు, నాట్యశాల అలాగే ఉన్నాయి.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1900 నుంచి 1925 దాకా గ్రౌబ్యూండెన్‌లో మోటారు కార్లు నిషేధం. పదేపదే ఓటింగు పెట్టినా జనం ఒప్పుకోలేదు. కాంటన్ దాటి పోవలసిన కారును గుర్రాల చేత లాగించుకుని పోయిన రోజులవి. ఆ పాతికేళ్ళూ రైలుకు పోటీ లేదు. యుద్ధకాలంలో బొగ్గు దొరకక, 1919లో లైనుకు కరెంటు పెట్టారు. ఆ తర్వాత వచ్చిన, పొడుగు ముక్కుల 'మొసలి' ఇంజన్లలో 407వ నంబరుది ఇప్పుడు మా స్టేషను ముందు విశ్రాంతి తీసుకుంటోంది. పక్కనున్న పాత ఆయుధాగారంలో 2012 నుంచి రైల్వే మ్యూజియం నడుస్తోంది.

ఊరికి మళ్ళీ ఊపిరి పోసింది చలికాలం. మంచు పడ్డాక కనుమ రోడ్డు మూసేస్తారు. ప్రేడా నుంచి బెర్గూన్ దాకా ఆరు కిలోమీటర్ల ఆ రోడ్డే మంచుబల్లల జారుడుబాట అవుతుంది. బల్ల చంకన పెట్టుకుని రైలెక్కి ప్రేడాలో దిగడం, జారుకుంటూ ఊళ్ళోకి రావడం, మళ్ళీ రైలెక్కడం! రాత్రుళ్ళు దీపాల వెలుగులో కూడా సాగుతుంది. మా మామగారి తండ్రి ఇలాంటి బల్ల మీదే లాచ్ నుంచి ఎండుగడ్డి, పాల క్యాన్లు దింపేవారట. బతుకుతెరువుకు వాడిన వస్తువు మనుమల కాలానికి ఊరి ఆదాయమైంది.

2008లో ఆల్బులా, బెర్నీనా లైన్లు ప్రపంచ వారసత్వ జాబితాకెక్కాయి. అదే ఏడాది మన కాల్కా–సిమ్లా లైను కూడా ఎక్కింది. 2022 అక్టోబర్ 29న, 100 బోగీలు కలిపి 1,910 మీటర్ల పొడవున్న రైలును ప్రేడా నుంచి అల్వనేయు దాకా దింపి ప్రపంచ రికార్డు సృష్టించారు. ఒకే రైలు మూడు చోట్ల మూడు దిక్కులకు పోతున్నట్టు కనిపిస్తుంటే ఊళ్ళో కేకలు మిన్నంటాయి.

నూరేళ్ళు దాటిన సొరంగానికి మరమ్మతు చేయాలా, కొత్తది తవ్వాలా అన్న ప్రశ్న వచ్చినప్పుడు, పక్కనే కొత్తది తవ్వాలని నిర్ణయించారు. పాత గుల్లరాయి మళ్ళీ ఎదురైంది. ఈసారి గొట్టాలు దించి, ఊట నేలను గడ్డకట్టించి, ఆ మంచుముద్దలోంచి తవ్వుకుపోయారు. 2018లో తవ్వకం కలిసింది, 2024 జూన్‌లో రైళ్ళు నడిచాయి. పాత సొరంగం ఇప్పుడు ప్రమాదాల వేళ తప్పించుకునే దారిగా ఉపయోగపడుతుంది.

మూలాలు వెతుక్కుంటూ

ఏటా వేసవిలో కొందరు పెద్దలు చేతిలో కాగితాలతో రైలు దిగుతారు. అమెరికా నుంచో, డెన్మార్క్ నుంచో వస్తారు. ముత్తాత పేరు, ఒక సంవత్సరం, లాచ్ అనో స్టూల్స్ అనో ఒక ఊరి పేరు, వాళ్ళ దగ్గర ఉన్నదంతే. ఆ రెండు చిన్న ఊళ్ళూ 20వ శతాబ్దం తొలినాళ్ళలోనే బెర్గూన్‌లో కలిశాయి. 2018లో బెర్గూన్, ఫిలిజూర్ కలిసి ఒకే పంచాయతీ అయ్యాయి. అధికారిక కాగితాల్లో పాత పేర్లు మాయమైనా మనుషుల జ్ఞాపకంలో చెక్కుచెదరలేదు. స్టూల్స్ చిన్న చర్చిలో 14వ శతాబ్దపు కుడ్యచిత్రాలున్నాయి. లాచ్‌ను 1952 నాటి 'హైదీ' సినిమాలో చూసినవాళ్ళు గుర్తుపడతారు. వచ్చినవాళ్ళను మా మామగారు సమాధుల తోటకు తీసుకువెళతారు. అక్కడ ఇంటిపేర్లు రాళ్ళమీద ఉంటాయి. ఆ పేర్లు చదివి కళ్ళు తుడుచుకున్నవాళ్ళను చూశాను.

వాళ్ళు ముత్తాత ఊరును చూడగలిగారంటే ఆ ఊరు ఇంకా బతికి ఉంది కాబట్టి. ఆల్ప్స్‌లో ఇలాంటి ఊళ్ళు ఎన్నో ఖాళీ అయిపోయాయి. చలికాలమంతా తెరిచి ఉండే దారి లేని చోట బడి మూతపడుతుంది, తర్వాత కొట్టు మూతపడుతుంది, ఆ తర్వాత ఇళ్ళకు తాళాలు పడతాయి. ఆఖరి బస్సు ఆగిపోయిన ఊరికి ఏమవుతుందో మన పల్లెల్లో పెరిగినవారికి నేను చెప్పనక్కర్లేదు. మూలాలంటే అభిమానం ఉంటే చాలదు. వాటి దాకా పోయే దారికి ఖర్చుపెట్టేవాళ్ళుండాలి. అయిదు వందలమంది ఉన్న ఊరికి గంటకొక రైలు దండగ అని లెక్క చెప్పడం తేలిక. ఆ లెక్కకు లొంగలేదు కాబట్టే ఇక్కడ ఊరుంది.

అందుకే బెర్గూన్ చరిత్రలో 1696లో బండ పగలగొట్టిన కూలీలకూ, 1897లో ఓటు వేసిన రైతులకూ, ఊటనేలను గడ్డకట్టించి సొరంగం తవ్విన ఈనాటి పనివాళ్ళకూ ఒకే వరసలో చోటివ్వాలని నేనంటాను. వాళ్ళు దారి తెరిచి ఉంచారు కాబట్టి మా పిల్లలు బడి అయ్యాక ముత్తాత ఊరికి నడిచి వెళ్ళి, పొద్దు గుంకేలోగా ఇంటికి తిరిగి రాగలుగుతున్నారు.